చిన్న దేశం, పరాయి సైన్యం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కొత్తగా స్వతంత్రం వచ్చిన చిన్న దేశాలకు బయటి దేశాలు చేసే సైనిక సాయం గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఎక్కువ మంది తూర్పు తైమూర్ గురించీ పసిఫిక్ దీవుల గురించీ అడిగారు. అందుకే ఉదాహరణలూ అక్కడివే తీసుకున్నాం.

ప్రశ్న: స్వతంత్రం వచ్చిన నెలలోపే ఒక చిన్న దేశం పొరుగు దేశపు సైన్యాన్ని పిలిపించుకుందని చదివాను. అలా పిలవడానికి పద్ధతంటూ ఉంటుందా, ప్రధాని ఫోన్ చేస్తే సరిపోతుందా?

మీరు చదివింది వనువాటు సంగతే అయ్యుంటుంది. 1906 నుంచి ఆ దీవులను బ్రిటన్, ఫ్రాన్స్ ఉమ్మడిగా ఏలాయి. స్వతంత్రం ఇంకో రెండు నెలల్లో వస్తుందనగా, 1980 మేలో, ఎస్పిరిటు శాంటో దీవిలో జిమ్మీ స్టీవెన్స్ అనే నాయకుడు వేరే దేశం ప్రకటించాడు. జులైలో బ్రిటిష్, ఫ్రెంచి సైనికులు అక్కడికి వెళ్ళారు గానీ తిరుగుబాటును అణచలేదు. ఇద్దరు యజమానులకూ ఒక మాట మీద పొత్తు కుదిరితేనే సైనికుడు కదలాలి. ఆ పొత్తే కుదరలేదు.

జులై 30న స్వతంత్రం రాగానే లెక్క మారిపోయింది. ఇక ఎవరిని పిలవాలో ప్రధాని వాల్టర్ లినీ ప్రభుత్వమే నిర్ణయించుకోవచ్చు. ఆయన పపువా న్యూగినీని అడిగాడు. ఆ దేశానికి స్వతంత్రం వచ్చి అప్పటికి అయిదేళ్ళే. అక్కడి పార్లమెంటులో ప్రతిపక్ష నేత మైకేల్ సొమారె వ్యతిరేకించినా, ప్రధాని జూలియస్ చాన్ ఒప్పించాడు. ‘కుముల్ ఫోర్స్’ పేరుతో దళం ఆగస్టులో వెళ్ళింది, రవాణాకూ సరఫరాలకూ ఆస్ట్రేలియా చెయ్యి వేసింది. కొద్ది వారాల్లోనే స్టీవెన్స్ లొంగిపోయాడు. అతని కొడుకు మాత్రం దారిలో కాపలా అడ్డును దాటబోయి కాల్పుల్లో చనిపోయాడు.

ఇక పద్ధతి. ఫోన్ కాల్ మొదలు కావచ్చు, ఆధారం కాలేదు. మొదట చట్టబద్ధ ప్రభుత్వం రాతపూర్వకంగా కోరాలి. తర్వాత రెండు దేశాల మధ్య ఒప్పందం. ఆ పైన, వచ్చే దళానికి స్థానికంగా అధికారాలిచ్చే చట్టం. సాల్మన్ దీవులు 2003 జులైలో సరిగ్గా ఈ వరసలోనే వెళ్ళాయి. ప్రాంతీయ సహాయ దళం దిగేముందే పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టం కింద ఇచ్చిన అనుమతిని ఏటా పార్లమెంటు సమీక్షించే వీలు పెట్టుకుంది. ఇది చాలా తెలివైన ఏర్పాటు, ఎందుకంటే పిలిచిన ప్రభుత్వం ఓడిపోయినా ఆహ్వానం ఎవరి సొంతమన్న తగవు రాదు.

ఒప్పందంలో తుపాకుల గురించి ఎవరైనా రాస్తారు. మరిచిపోయేది చిన్న విషయాల్నే. సైనికుడికి వీసా అక్కర్లేదా? అతని డ్రైవింగ్ లైసెన్సు చెల్లుతుందా? దళం తెచ్చే సామానుకు కస్టమ్స్ సుంకం ఉందా? ఏ రేడియో తరంగాలు వాడుకోవచ్చు? సైనిక ట్రక్కు ఒకరి గోడ కూల్చితే పరిహారం ఏ దేశం, ఎన్నాళ్ళలో ఇస్తుంది? నేరం చేసిన సైనికుణ్ణి ఏ దేశపు కోర్టు విచారిస్తుంది? ఈ చివరిదాని దగ్గరే ఎక్కువ ఒప్పందాలు చెడతాయి. 2004లో ఆస్ట్రేలియా పోలీసులు పపువా న్యూగినీకి వచ్చారు. వాళ్ళకిచ్చిన మినహాయింపులు రాజ్యాంగానికి విరుద్ధమని 2005 మేలో అక్కడి సుప్రీంకోర్టు తేల్చడంతో, వచ్చినవాళ్ళంతా కొద్ది రోజుల్లోనే తిరుగుముఖం పట్టారు. సంతకానికి ముందు ఒక రాజ్యాంగ న్యాయవాదితో చదివించుకుంటే తప్పే రభస అది.

ప్రశ్న: తూర్పు తైమూర్‌కు 1999లో వెళ్ళిన దళమూ, తర్వాత అందిన సైనిక సాయమూ ఒకటేనా?

కాదు. 1999 ఆగస్టు 30 ప్రజాభిప్రాయ సేకరణలో 78.5 శాతం మంది ఇండోనేషియా నుంచి విడిపోవడానికే ఓటేశారు, ఆ వెంటనే హింస చెలరేగింది. భద్రతా మండలి 1264వ తీర్మానం చేసింది. సెప్టెంబరు 20న ఆస్ట్రేలియా నాయకత్వంలోని ‘ఇంటర్‌ఫెట్’ దళం రాజధాని దిలీలో దిగింది. అప్పటికి తైమూర్ ఇంకా దేశం కాదు, కనుక సంతకం పెట్టే ప్రభుత్వమూ లేదు. ఆ దళం పని శాంతిభద్రతలు నిలపడం. 2002 మే 20న స్వతంత్రం పునరుద్ధరించాక వచ్చింది వేరే రకం సాయం: శిక్షకులు, బ్యారక్‌లు, పడవలు, సలహాదారులు. మొదటిది ఆపద తీరితే పోతుంది. రెండోది ఇప్పటికీ సాగుతోంది.

ప్రశ్న: తైమూర్‌లో ఇండోనేషియా మీద ఇరవై నాలుగేళ్ళు అడవుల్లో పోరాడినవాళ్ళనే సైన్యంగా మార్చారు కదా. వాళ్ళకు శిక్షణ అవసరమా? 2006లో అంత గొడవ ఎందుకైంది?

గెరిల్లాకు ఓర్పు, నేల మీద పట్టు, దాక్కునే నేర్పు పుష్కలంగా ఉంటాయి. వేతన పట్టిక, సెలవు చీటీ, ఆయుధాగారపు రిజిస్టరు, పదోన్నతి బోర్డు మాత్రం ఉండవు. సైన్యం రోజువారీగా నడిచేది ఈ రెండో రకం వాటి మీదే. తైమూర్‌లో దాతలు మొదటి రకంలో మెరుగులు దిద్దడానికే ఎక్కువ సమయం పెట్టారు.

జరిగిన క్రమం ఇది. లండన్‌లోని కింగ్స్ కాలేజీ నిపుణులు 2000లో మూడు నమూనాలు చూపించారు. నాయకత్వం ఎంచుకున్న నమూనాలో 1,500 మంది పూర్తికాలపు సైనికులు, మరో 1,500 మంది రిజర్వు. 2001 ఫిబ్రవరి 1న ఫాలింటిల్ గెరిల్లా సైన్యం రద్దయి, ఎఫ్-ఎఫ్‌డిటిఎల్ అనే కొత్త సైన్యం పుట్టింది. మొదటి బెటాలియన్‌కు పాత యోధుల్లోంచి 650 మందిని తీసుకున్నారు. ఎంపిక కానివాళ్ళు 1,308 మంది. వాళ్ళకు అయిదు నెలల పాటు నెలకు 100 డాలర్లు, కొంత శిక్షణ ఇచ్చి ఇళ్ళకు పంపారు. రెండో బెటాలియన్‌ను యువకులతో నింపారు. ఆస్ట్రేలియా డబ్బుతో మెతినారోలో శిక్షణ కేంద్రం వెలిసింది.

ఎవరిని తీసుకోవాలన్న నిర్ణయాన్ని దాతలు పూర్తిగా పాత నాయకత్వానికే వదిలేశారు. ‘అది వాళ్ళ అంతర్గత విషయం’ అన్న మాట మర్యాదగానే ఉంటుంది గానీ, ఫలితం చూడండి. మొదటి బెటాలియన్‌లో, పై హోదాల్లో తూర్పు జిల్లాలవాళ్ళు ఎక్కువయ్యారు. తర్వాత చేరిన యువకుల్లో పడమటివాళ్ళు ఎక్కువ. పదోన్నతుల్లో వివక్ష, ఇంటికి దూరంగా పోస్టింగులు, సెలవు దొరికినా ఊరు చేరడానికే సరిపోని రోజులు... ఫిర్యాదులు పేరుకున్నాయి. వాటిని విని, విచారించి, గడువులోగా జవాబివ్వాల్సిన కార్యాలయం ఒకటి గట్టిగా ఉండాలి. లేదు. 2006 జనవరిలో సైనికులు అర్జీ రాశారు, ఫిబ్రవరిలో బ్యారక్‌లు వదిలారు, మార్చిలో దాదాపు 600 మందిని తొలగించారు. అంటే మొత్తం సైన్యంలో మూడోవంతుకు పైగా!

మే నెలకు దిలీ తగలబడింది. మే 25న సైనికులు, ఐక్యరాజ్యసమితి రక్షణలో నిరాయుధులుగా నడిచి వెళ్తున్న పోలీసుల మీద కాల్పులు జరిపారు. 8 మంది చనిపోయారు. లక్షన్నర మంది దాకా ఇళ్ళు వదిలి శిబిరాల్లో చేరారు. పోలీసు తుపాకులను పౌరులకు పంచిన కేసులో హోం మంత్రి రొజెరియో లొబాటోకు 2007లో ఏడున్నరేళ్ళ జైలు శిక్ష పడింది.

ఇక్కడ పాఠకులు గమనించాల్సిన సాంకేతిక లోపం ఒకటుంది. ఒక దాత సైన్యానికి ఇచ్చాడు, మరొకరు పోలీసులకు ఇచ్చారు, ఏ తుపాకీ ఎవరి చేతిలో ఉందో చెప్పే ఒకే జాబితా లేదు. ఆయుధం ఇచ్చినప్పుడే వరస సంఖ్య, మోడల్, తూటా సైజు, తీసుకున్నవాడి సంతకం ఒక పుస్తకంలో ఎక్కాలి. నెలనెలా లెక్క చూసేవాడు ఆయుధాగారం తాళాలున్నవాడు కాకుండా వేరొకడై ఉండాలి. తుపాకులూ తూటాలూ వేరు గదుల్లో, వేరు తాళాలతో పెట్టాలి. తుపాకులు ఇచ్చేవాళ్ళు ఇనప బీరువాలు కూడా ఇస్తే ఎంత బావుండునో. కానీ బీరువా పక్కన నిలబడి ఫొటో దిగడానికి మంత్రులెవరూ రారు.

ప్రశ్న: గస్తీ నౌక ఉచితంగా ఇస్తే చిన్న దేశానికి నష్టమేముంది? దాన్నీ విమర్శిస్తున్నారేం?

ఏనుగును దానం పట్టడం తేలికే, మేపడమే కష్టం. ఈ ప్రశ్నకు కొంచెం వివరంగా చెప్పాలి.

1982 సముద్ర చట్ట ఒడంబడికతో తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ వరకూ చేపల మీద, ఖనిజాల మీద హక్కు ఆ తీర దేశానిదే అయింది. కిరిబాటి అనే పసిఫిక్ దేశపు నేల 811 చదరపు కిలోమీటర్లు, సముద్రం సుమారు 35 లక్షల చదరపు కిలోమీటర్లు. అప్పట్లో దాని కాపలాకు తగిన నౌకలు లేవు. అందుకని ఆస్ట్రేలియా 1987 నుంచి 1997 దాకా 12 దేశాలకు 22 ‘పసిఫిక్’ తరగతి నౌకలిచ్చింది. మొదటిది పపువా న్యూగినీకి వెళ్ళింది. పొడవు 31.5 మీటర్లు. వాటిని యుద్ధనౌకల ప్రమాణాలతో గాక వాణిజ్య నౌకల ప్రమాణాలతో కట్టడం ఆ పథకంలోని అసలైన తెలివి. ఇంజన్ ఏ పెద్ద రేవులోనైనా మెకానిక్‌కు తెలిసిన క్యాటర్‌పిల్లర్. ఫిల్టరు, గ్యాస్కెట్ కావాలంటే ఏ రక్షణ శాఖ అనుమతీ అక్కర్లేదు. నౌకతో పాటు ఆస్ట్రేలియా నౌకాదళ సలహాదారులూ సాంకేతిక నిపుణులూ ఆ దేశాల్లోనే మకాం పెట్టారు. సిబ్బందికి లాన్సెస్టన్‌లోని సముద్రయాన కళాశాలలో శిక్షణ. మూడు దశాబ్దాలు ఆ నౌకలు తిరిగాయంటే కారణం ఉక్కు కాదు, ఈ ఏర్పాట్లే.

వాటి స్థానంలో 2018 నుంచి వచ్చినవి ‘గార్డియన్’ తరగతివి. పొడవు 39.5 మీటర్లు, సిబ్బంది 23 మంది, గరిష్ఠ వేగం 20 నాట్లు (అంటే గంటకు 20 నాటికల్ మైళ్ళు), 12 నాట్ల వేగంతో 3,000 నాటికల్ మైళ్ళు పోగలవు. ఇప్పుడు ఇంధనం లెక్క చూద్దాం. ఓడకు కావలసిన శక్తి సుమారుగా వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 12 నుంచి 20 నాట్లకు పెంచితే గంటకు కాలే డీజిల్ దాదాపు నాలుగున్నర రెట్లు, మైలుకు లెక్కేస్తే 2.8 రెట్లు. అంటే అదే ట్యాంకుతో 3,000 మైళ్ళు కాస్తా వెయ్యి చిల్లరకు పడిపోతుంది. దొంగ పడవను తరమడం మొదలుపెట్టిన కెప్టెన్ కన్ను ఇంధనం ముల్లు మీదే ఉంటుంది.

గాలింపు లెక్క ఇంకా నిరాశగా ఉంటుంది. నౌక రాడార్‌కు చేపల పడవ అటూ ఇటూ 12 మైళ్ళ దాకా కనిపిస్తుందనుకుందాం. 12 నాట్ల వేగంతో రోజంతా తిరిగితే 288 మైళ్ళు పొడవు, 24 మైళ్ళు వెడల్పు, అంటే సుమారు 23,700 చదరపు కిలోమీటర్లు. కిరిబాటి సముద్రాన్ని ఒక్కసారి చూడటానికి ఎక్కడా ఆగకుండా అయిదు నెలలు! కాబట్టి విమానమో ఉపగ్రహమో ముందు చూసి చెబితేనే నౌకకు అర్థం. 2017 నుంచి ఆస్ట్రేలియా అద్దె విమానాలతో నిఘా జోడించింది. సాల్మన్ దీవుల రాజధాని హోనియారాలో ఉన్న, పసిఫిక్ దేశాల ఉమ్మడి మత్స్య సంస్థ ఆ సమాచారాన్ని క్రోడీకరించి నౌకలకు పంపుతుంది. విమానం లేకుండా నౌకను మాత్రమే ఇచ్చే దాతను చూస్తే నాకు అనుమానమే.

కొత్త నౌకల్లోనూ లోపాలు బయటపడ్డాయి. 2021లో ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య కప్లింగ్‌లో పగుళ్ళు కనిపించాయి. 2022లో పొగగొట్టంలో పగుళ్ళ వల్ల కార్బన్ మోనాక్సైడ్ లోపలికి రావచ్చని తేలింది, జబ్బుపడినవాళ్ళ గదిలో గాలి మార్పిడి లోపం కూడా దొరికింది. ఈ మరమ్మతుల భారం ఆస్ట్రేలియా తన నెత్తినే వేసుకుంది. అంతకంటే ఖరీదైనవి నడపడంలో వచ్చే ప్రమాదాలు. సమోవా నౌక ‘నఫనువా 2’ 2021 ఆగస్టులో దిబ్బకెక్కి బాగుచేయడానికి వీల్లేకుండా పోయింది. ఫిజీ నౌక ‘పువామౌ’ 2024 జూన్‌లో తొలి గస్తీలోనే పగడపు దిబ్బను తాకింది. ఒక్క నౌకే ఉన్న దేశంలో అది పోతే మొత్తం నౌకాదళం పోయినట్టే. దిబ్బలున్న సముద్రంలో పాత చార్టును నమ్మకుండా, వెలుగుండగానే రేవు చేరేలా ప్రయాణం వేసుకోవడం, లోతు చూసే పరికరానికి అలారం పెట్టుకోవడం, నౌకను నడిపే గదిలో ఎప్పుడూ ఇద్దరుండటం అనే మూడు అలవాట్లు ఏ పరికరం కంటే ఎక్కువ కాపాడతాయి.

తూర్పు తైమూర్ మరో చిక్కు కూడా కొనితెచ్చుకుంది. స్వతంత్రం వచ్చేనాటికి పోర్చుగల్ ఇచ్చిన రెండు పాత నౌకలు, ‘ఒయెకుసి’, ‘అటౌరో’. 2010లో చైనా నుంచి కొన్న రెండు, ‘జాకో’, ‘బెటానో’. వీటి ఒప్పందం విలువ 2.8 కోట్ల డాలర్లు. 2011లో దక్షిణ కొరియా ఇచ్చినవి మూడు. ఆపైన 2017లో ఆస్ట్రేలియా రెండు గార్డియన్లు ఇస్తామంది. చిన్న నౌకాదళం, ఒకే స్థావరం హెరా, ఆస్ట్రేలియావి కూడా చేరితే నాలుగు దేశాల యంత్రాలు! ఫిల్టర్లు నాలుగు రకాలు, మాన్యువళ్ళు నాలుగు భాషల్లో, ఒక నౌకలో పని నేర్చిన మెకానిక్ పక్క నౌకలో మళ్ళీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాలి. ఒకదాని భాగం తీసి ఇంకోదానికి వేసే వీలే లేదు.

ఎవరైనా నౌక ఇస్తామంటే అడగాల్సినవి ఇవి. మొదటి రెండేళ్ళకు కావలసిన స్పేర్ పార్టులు నౌకతోనే వస్తాయా? ఏడాదికి ఎన్ని సముద్ర దినాలకు డీజిల్ ఎవరు పోస్తారు? అడుగు గీకి రంగు వేయడానికి దాన్ని ఏ దేశపు డాక్‌కు తీసుకెళ్ళాలి, రానూపోనూ ఖర్చెవరిది? రేవు లోతు చాలుతుందా? 23 మంది నౌకకు 23 మందినే నియమిస్తే సెలవులకూ శిక్షణకూ జబ్బులకూ మనుషులుండరు. కనీసం 35 మంది ఉండాలన్నది నా లెక్క. ఈ జవాబులు కాగితం మీదికి రానంతవరకూ నౌక పేరు ఆలోచించడం కూడా అనవసరం.

ప్రశ్న: తైమూర్ సైనికులకు శిక్షణ ఏ భాషలో ఇచ్చారు?

పోర్చుగల్‌వాళ్ళు పోర్చుగీసులో, ఆస్ట్రేలియావాళ్ళు ఇంగ్లీషులో. సైనికులు మాట్లాడుకునేది తెతుం. 1975లో ఇండోనేషియా ఆక్రమించుకున్న తర్వాత బడికెళ్ళిన తరం చదువుకున్నది ఇండోనేషియా భాషలో. రాజ్యాంగం తెతుం, పోర్చుగీసులను అధికార భాషలుగా, ఇంగ్లీషు, ఇండోనేషియన్‌లను పని భాషలుగా పేర్కొంది. దానివల్ల పాత కమాండరుకు పోర్చుగీసులో అర్థమైన ఆదేశం కుర్ర సైనికుడికి అందకపోవచ్చు.

ఆచరణలో పనికొచ్చే పద్ధతి ఒకటుంది. తుపాకీ విప్పి బిగించడం, ఇంజన్ స్టార్ట్ చేసే ముందు చూసుకోవాల్సినవి తెతుంలో బొమ్మలతో ఒక్క పేజీ అట్టల మీద అచ్చేసి యంత్రం పక్కనే తగిలించాలి. స్పేర్ పార్టు పేరు ఎలా రాసినా నంబరు మాత్రం తయారీదారు ఇచ్చినట్టే ఉంచాలి, లేకపోతే ఆర్డరు తప్పుతుంది. సముద్రంలో వేరే నౌకలతో రేడియో మాటలకు అంతర్జాతీయ ఇంగ్లీషు పదబంధాలు నేర్పాలి. వాటికి పూర్తి భాష రానక్కర్లేదు. అధికారుల కోర్సుకు విదేశం పంపేముందు ఆరు నెలలైనా భాష నేర్పకపోతే, వాళ్ళు సర్టిఫికెట్‌తో తిరిగొస్తారు గానీ పాఠంతో రారు.

ప్రశ్న: ఇచ్చిన ఆయుధాన్ని వేరే పనికి వాడితే ఇచ్చినవాళ్ళు ఏం చేయగలరు?

చాలా తక్కువ. 1989లో పపువా న్యూగినీలోని బూగన్‌విల్ దీవి తిరుగుబాటు వేళ ఆస్ట్రేలియా ఆ దేశానికి నాలుగు ఇరోక్వా హెలికాప్టర్లిచ్చింది. దాడులకు వాడకూడదన్నది షరతు. అక్కడివాళ్ళు తలుపుల దగ్గర మెషిన్ గన్నులు బిగించారు. హెలికాప్టర్‌కు తుపాకీ బిగించడానికి ఫ్యాక్టరీ అక్కర్లేదు, ఒక ఇనప స్టాండు చాలు. సాల్మన్ దీవుల్లో 2000 జూన్‌లో మలైటా దీవివాళ్ళ సాయుధ వర్గం, తనవైపు తిరిగిన పోలీసులతో కలిసి, ఆయుధాగారాన్నీ గస్తీ నౌకనూ చేజిక్కించుకుంది. చేపల కాపలాకిచ్చిన నౌక నుంచి హోనియారా శివారు తీరం మీద కాల్పులు జరిపింది.

దాతకు నిజంగా పట్టు ఉండేది స్పేర్ పార్టుల మీద, ఇంధనం మీద, సలహాదారుల మీదే. ఫిజీలో 2006 సైనిక తిరుగుబాటు తర్వాత ఆస్ట్రేలియా రక్షణ సహకారాన్ని నిలిపేసింది. అయితే ఇది నెలల్లో పనిచేసే మందు, ఆ రోజు కాల్పులను ఆపలేదు. గార్డియన్ నౌకలనైతే ఆయుధాలు లేకుండా, బిగించుకునే చోటు మాత్రం ఉంచి అప్పగించారు.

ప్రశ్న: చైనా ఉచితంగా రాడార్లు ఇస్తానంటే తైమూర్ ఎందుకు వద్దంది?

తర్వాత బయటపడిన అమెరికా దౌత్య పత్రం ప్రకారం, ఉత్తర తీరంలో పెట్టే ఆ రాడార్లను చైనా సాంకేతిక సిబ్బందే నడపాలన్నది షరతు. రాడార్ విలువంతా తెర మీద కనిపించే సమాచారంలోనే ఉంది. దాన్ని ముందుగా చూసేది ఎవరు, నకలు ఎక్కడికి పోతుంది అన్నదే ప్రశ్న. ఈ ప్రశ్న చైనాకే పరిమితం కాదు, ఆస్ట్రేలియా విమానం తీసిన ఫొటోకూ వర్తిస్తుంది. ఒప్పందంలో ‘సమాచారం ఆతిథ్య దేశానిదే, మూడో దేశానికి ఇవ్వాలంటే అనుమతి కావాలి’ అన్న వాక్యం రాయించుకోవాలి.

ప్రశ్న: బయటి దళాలు ఎప్పుడు వెళ్ళిపోవాలి?

తేదీని బట్టి కాదు, పనులను బట్టి. తైమూర్‌లో ఐక్యరాజ్యసమితి శాంతి దళం 2005 మేలో ముగిసింది, ఏడాది తిరిగేసరికి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, మలేషియా, పోర్చుగల్‌లను మళ్ళీ పిలవాల్సి వచ్చింది. రెండోసారి 2012 చివరిదాకా ఉన్నారు. సాల్మన్ దీవుల్లో 2003 నుంచి 2017 దాకా, 14 ఏళ్ళు.

నేనైతే ఇవి చూస్తాను. సైనికుల జీతం ఆరు నెలలపాటు బయటి అకౌంటెంటు సాయం లేకుండా సరైన తేదీకి పడిందా? ఆయుధాల లెక్కను చెప్పాపెట్టకుండా తనిఖీ చేస్తే పుస్తకంతో సరిపోయిందా? సైనికుడి ఫిర్యాదుకు లిఖిత జవాబు ఎన్ని రోజుల్లో వచ్చింది? పోలీసులకూ సైన్యానికీ ఒకే రేడియో చానెల్లో మాట్లాడుకునే వీలుందా, అల్లర్లలో ఎవరు ముందు వెళ్ళాలో చట్టంలో రాసుందా? చెడిపోయిన జనరేటర్‌ను విదేశీ మెకానిక్ ముట్టుకోకుండా బాగుచేయగలిగారా? వీటిలో రెండింటికి ‘లేదు’ అని వస్తే శిక్షకులను తగ్గించవచ్చు గానీ, జీతాలూ ఆయుధాగారమూ చూసే ఇద్దరు ముగ్గురు సలహాదారులను మాత్రం చివరి విమానందాకా ఉంచాలి. సాధారణంగా మొదటి విమానమెక్కించేది వాళ్ళనే.